బోర్లించిన ఇరుసు

పళ్ళ డాక్టరు గారి పాత కారు మూలగడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. మూలుగు కాస్తా సణుగుడైంది, సణుగుడు కాస్తా అరుపైంది. ఇప్పుడు అది వీధి మలుపు తిరిగేసరికే ఇంట్లోవాళ్ళు లేచి గేటు తీస్తున్నారట. ఆయన తండ్రి కొన్న కారు అది. చక్రాలకి చెక్క ఆకులు, నెత్తిన గుడ్డ టాపు, ఎక్కాలంటే మెట్టు మీద కాలు పెట్టి మరీ ఎక్కాలి. వచ్చే ఆదివారానికి డాక్టరు గారి అక్కగారికి ఎనభై నిండుతాయి. ఆవిడ డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారు మీదే. ఆ రోజు పొద్దున్నే ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఏటి వంతెన దాకా వెళ్ళి రావాలని ఆయన సరదా.

"అరుపు వెనకనుంచి వస్తోంది మేస్త్రీ గారూ," అన్నాడాయన సోమవారం పొద్దున షెడ్డు గుమ్మంలో కారు ఆపి.

"వయసు మీద పడితే అరుపు నడుములోంచే వస్తుందండీ," అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకొక్కడికే తెలుసు.

వెనక ఇరుసు సంగతుల్లో మేస్త్రీ మాటకి ఎదురు లేదు. ఆయన చేతిమీదుగా వెళ్ళిన ఇరుసు మళ్ళీ షెడ్డు ముఖం చూసిన పాపాన పోలేదు. ఈ మాట ఆయన తనంతట తాను చెప్పుకోడు. ఎదుటివాడు చెప్పేదాకా మాత్రం ఏదో ఒక వంకన అక్కడే నిలబడతాడు.

డాక్టరు గారు ఇంకా కారు దిగకముందే మేస్త్రీ కోడలు గోనెపట్టా పరుచుకుని కారు కిందకి దూరింది. చీర మీద మావగారి పాత చొక్కా తొడుక్కుని, జుట్టు గుడ్డతో బిగించి కట్టుకుంది. ఆమె మొగుడు మందుల కంపెనీ సంచీ భుజాన వేసుకుని నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు. అత్తగారు కట్టిచ్చిన క్యారియరు పట్టుకుని నాలుగేళ్ళ కిందట ఈ షెడ్డుకి వచ్చిన మనిషి, క్యారియరు ఖాళీ అయ్యేదాకా ఊరికే కూర్చోవడమెందుకని ఒక బేరింగు కడిగింది. అంతే, ఇంక షెడ్డు వదల్లేదు.

"మామయ్యా, కింది బోల్టులు నాలుగూ తుప్పు పట్టాయి. నూనె పోసి పెడతాను, సాయంత్రానికి మెత్తబడతాయి," అంది లోపలినుంచి.

"పొయ్యి," అన్నాడు మేస్త్రీ. వంగి చూడలేదు.

ఆ వారం ఆమెకి మామూలు వారం కాదు. బస్సు డిపోలో ఫిట్టరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. డిపో ఫోర్‌మన్ ఒకప్పుడు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాడే. "చేసిన పని ఒక్కటి నా కళ్ళతో చూడాలమ్మా. శుక్రవారం వస్తాను. మేస్త్రీ గారు ఊ అంటే సోమవారం నుంచి డ్యూటీ," అని చెప్పి వెళ్ళాడు. ఆ డిపోలో ఇంతవరకు ఆడమనిషి పాన పట్టింది లేదు. దరఖాస్తు నింపుతున్నప్పుడు కోడలు 'వృత్తి' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, 'ఫిట్టరు' అని రాసి, మళ్ళీ ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. ఆ ఉద్యోగం ఆమెకి ఎంత కావాలో చెప్పడానికి ఆ చూపు చాలు.

సోమవారం సాయంత్రానికి ఇరుసు కిందకి దిగింది. రెండు ఇనుప బూరల్ని వెడల్పు మూతులు ఎదురెదురుగా కలిపి బిగించినట్టుంటుంది అది. మధ్యలో పళ్ళెమంత పళ్ళచక్రం, దాన్ని క్రౌను అంటారు. దానికి పళ్ళు ఆనించి తిప్పేది గుప్పెట్లో పట్టేంత పినియన్. బూరలు విడదీయగానే నల్లటి నూనెతో పాటు బూడిదలాంటి పొడి కారింది.

"ఇదీ మీ అరుపు," అన్నాడు మేస్త్రీ ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి డాక్టరుకి చూపిస్తూ. "క్రౌను పక్కకి జరక్కుండా రెండు బిళ్ళలుంటాయి. మెత్తటి లోహంతో పోసినవి. అవి అరిగిపోయి, పగిలి, ఇదిగో ఇలా పిండయిపోయాయి. కంచుతో కొత్తవి తీయిస్తాను లేతు మీద."

మంగళవారమంతా కడగడమే. కోడలు కిరసనాయిలు తొట్టి ముందు కూర్చుని ఒక్కొక్క ముక్కనీ కుంచెతో తోమి, గుడ్డతో తుడిచి, పాత దుప్పటి మీద పేర్చింది. కారులో డ్రైవరు ఎటు చూస్తూ కూర్చుంటాడో అటు చూస్తూ కూర్చుని, ఎడమవైపువి ఎడమకి, కుడివైపువి కుడికి. ఆ దుప్పటి మీద నుంచి పిల్లిని కూడా నడవనివ్వదు.

బుధవారం పళ్ళు కలిపి చూసే రోజు. ఇరుసు నేలకి జానెడెత్తు చెక్క దిమ్మల మీద ఉంది. కోడలు నేల మీద చతికిలబడి, పినియన్ పళ్ళకి నీలం రంగు పల్చగా పూసి, లోపల క్రౌను పెట్టి, ఒక చుట్టు తిప్పి బయటికి తీసింది. క్రౌను పళ్ళ మీద నీలం మరక అంచున పడింది. మళ్ళీ పల్చటి రేకు షిమ్ము ఒకటి వేసి తిప్పింది. ఈసారి రెండో అంచున. పొద్దున్నించి పదకొండుసార్లు పెట్టి తీసింది. పన్నెండోసారి మరక సరిగ్గా పంటి నడుమ, కందిగింజంత మేర పడింది.

టీ తాగడానికి వచ్చినట్టు వచ్చి పని చూస్తూ నిలబడిపోయిన డాక్టరు గారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అమ్మాయీ! నేను చేసేదీ ఇదేనమ్మా! పన్ను కట్టాక నీలం కాగితం మధ్యలో పెట్టి కరవమంటాను. మరక ఎక్కడ పడితే అక్కడ అరగదీస్తాను."

"మీ దగ్గరికొచ్చేవాళ్ళు నొప్పని అరుస్తారు కదండీ. ఇది నయం, పని బాగా చేస్తే అరుపు మానేస్తుంది," అంది కోడలు.

మేస్త్రీ క్రౌనుని చేత్తో అటూ ఇటూ ఊపి చూశాడు. టక్కుమని ఒక్కసారే అంది, అంటే పళ్ళ మధ్య సందు సరిగ్గా ఉన్నట్టు. తల ఊపాడు. అంతకుమించి మెచ్చుకోవడం ఆయన ఇంటా వంటా లేదు.

గురువారం మధ్యాహ్నానికి ముక్కలన్నీ సిద్ధమయ్యాయి. ఇక మిగిలింది ఆఖరిసారి కూర్చి, మధ్యలో అట్ట పెట్టి, బూరలు రెండూ మూసి బిగించడం. దాన్ని వాళ్ళు మూత వేయడం అంటారు.

"మామయ్యా, ఈసారి మూత నేను వేస్తాను," అంది కోడలు చేతులు తుడుచుకుంటూ. "రేపు ఫోర్‌మన్ గారు అడిగితే మొదటి నుంచి చివరిదాకా నేనే అని చెప్పుకోవచ్చు."

"మూత మేస్త్రీ వేస్తాడు," అన్నాడాయన. "మా గురువు దగ్గరా అంతే, నా దగ్గరా అంతే. మూత వేసేటప్పుడు పక్కన మనిషి ఉంటే నాకు చెయ్యాడదు. నువ్వు ఇంటికెళ్ళి అన్నం తినేసి రా. నిదానంగానే రా."

ఆమె చేతిగుడ్డ మేకుకి తగిలించి, చెప్పులు వేసుకుంది.

గురువు అలా అనేవాడన్న మాట నిజమే. ఆయన్ని అడ్డుపెట్టుకున్నాడన్నది అంతకంటే నిజం. వానాకాలం ముందు నుంచి మేస్త్రీ నడుం వంగడం లేదు. మోకాళ్ళ దాకా వంగితే చాలు, వెన్నులో ఎవరో మేకు దిగేసినట్టుంటుంది. వంగాల్సిన పనల్లా "అమ్మాయ్, నువ్వు నేర్చుకోవాలి" అని కోడలి చేత చేయించుకుంటూ వచ్చాడు. పాపం, ఆమె నిజంగానే నేర్పిస్తున్నాడనుకుంది. ఇప్పుడు జానెడెత్తు దిమ్మల మీదున్న ఇరుసుని ఆయన ఎలా బిగించాలి?

గేటు చప్పుడు ఆగేదాకా చూసి, పైనున్న గొలుసు కప్పీ దింపాడు. ఇరుసుని పైకెత్తి, రొమ్ము ఎత్తుకి తెచ్చుకుని, తోలు పట్టీలకి వేలాడదీశాడు. బూర బరువు కిందకి లాగి అది సగం తిరిగిపోతుంటే, సరేలే ఇలాగే నయం, కింది బోల్టులు పైకొచ్చాయి అనుకుని పూర్తిగా బోర్లించేశాడు. హాయిగా నిలబడి పని చేశాడు. క్రౌను ఎడమకి రావాలి, ఎడమకే పెట్టాడు. షిమ్ములు వేసి, అట్ట అతికించి, బోల్టులు ఒకదానికెదురు ఒకటి బిగించాడు. చేతికి పాత వేగం వచ్చింది. చాలా రోజుల తర్వాత ఈల కూడా వేశాడు. కోడలు వచ్చేసరికి ఇరుసు మళ్ళీ మామూలుగా తిరిగి, దిమ్మల మీద బుద్ధిగా కూర్చునుంది.

బోర్లా ఉన్నదాని ఎడమ, వెల్లకిలా తిప్పితే కుడి అవుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మేస్త్రీకి తెలియదా? తెలుసు. ఆ గంటసేపు ఆయనకి తెలిసిందల్లా నడుం నొప్పి లేకపోవడమే.

శుక్రవారం పొద్దున్నే ఇరుసు కారుకి ఎక్కించారు. పదకొండింటికి ఫోర్‌మన్ వచ్చాడు, చొక్కా జేబులో పెన్ను, చేతిలో చిన్న పుస్తకం. డాక్టరు గారు ఆస్పత్రి మూసేసి వచ్చాడు. ఎదురుగా సైకిళ్ళ షాపు వాళ్ళూ, టీ కొట్టతనూ రోడ్డు దాటారు. కోడలు హ్యాండిలు తిప్పి ఇంజను స్టార్టు చేసి పక్కకి తప్పుకుంది. చేతులు వెనక కట్టుకుంది. ఫోర్‌మన్ ఇరుసు బాగా కనపడుతుందని కారు వెనక నిలబడ్డాడు.

మేస్త్రీ స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు.

కారు వెనక్కి నడిచింది.

ఫోర్‌మన్ "ఓయ్ ఓయ్!" అంటూ పుస్తకం వదిలేసి పక్కకి దూకాడు. కారు వెళ్ళి నూనె పీపాని గుద్దుకుని ఆగింది. మేస్త్రీ గేరు తీసి చూసుకుని, మళ్ళీ మొదటి గేరే వేశాడు. పీపా ఇంకో అడుగు వెనక్కి జరిగింది. అప్పుడాయన, ఏం జరిగిందో లోపల తెలిసిపోతుండగా, వెనక్కి వెళ్ళే గేరు వేశాడు. కారు చక్కగా, చప్పుడు లేకుండా, వెన్నలాగా ముందుకి నడిచింది.

"బాగుంది! డాక్టరు గారూ, ఇంక మీరు వెనక్కి తిరిగి కూర్చుని నడపాలి!" అన్నాడు టీ కొట్టతను. సైకిళ్ళ షాపు వాళ్ళు పగలబడి నవ్వారు.

"క్రౌను ఎడమకి బదులు కుడికి పడింది, అందుకే చక్రాలు ఎదురు తిరుగుతున్నాయి," అన్నాడు ఫోర్‌మన్ పుస్తకం దుమ్ము దులుపుకుంటూ. "ఎలా పడిందండీ మేస్త్రీ గారూ?"

అందరూ మేస్త్రీ వైపు చూశారు. అంతమంది నవ్వుతుండగా ఆయన దిగాడు. మెట్టు మీద నుంచి దిగేటప్పుడు నడుంలో మేకు కదిలింది. "అమ్మాయి పేర్చడంలో ఎక్కడో ఎడమా కుడీ అయినట్టుంది," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ మాట అని నోరు మూసుకునేలోపే ఆయనకి అది తెలిసింది. తెలిసినా మూసుకునే ఉన్నాడు. ఈ అమ్మాయి డిపోకి వెళ్ళిపోతే రేపటి నుంచి కింది బోల్టులు ఎవరు బిగిస్తారన్న ఆలోచన కూడా అప్పుడే, అక్కడే, ఆయన బుర్రలో ఒక మూల మెదిలింది. మెదిలినందుకు సిగ్గేసింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

కోడలు దుప్పటి పరిచిన చోటు వైపు చూసింది. అక్కడిప్పుడు దుప్పటి లేదు, ముక్కలూ లేవు. ఎక్కడ తప్పు చేశానా అని ఖాళీ నేలనే చూస్తోంది.

"పోన్లేమ్మా," అన్నాడు ఫోర్‌మన్ పెన్ను జేబులో పెట్టుకుంటూ. "కుర్రతనం. డిపోలో రోజూ అరవై బస్సులు, ఎడమా కుడీ తేడా వస్తే ప్రాణాల మీదకొస్తుంది. వచ్చే ఏడు చూద్దాం."

ఆ సాయంత్రం మేస్త్రీ కాళ్ళు కడుక్కుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. కోడలు నేల మీద గిన్నెల మూతలు పరిచింది. రెండు చెంబులు బూరలు, పెద్ద మూత క్రౌను, గరిటె పినియన్. స్పూన్లు షిమ్ములు కాబోలు. ఎడమవి ఎడమకి పెట్టి, లేచి ఎదురుగా వెళ్ళి కూర్చుని చూసి, మళ్ళీ ఇటు వచ్చి చూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి మీద గిన్నె పొంగుతోంది, పట్టించుకోవడం లేదు.

"ఎలా చూసినా నేను సరిగ్గానే పేర్చాను మామయ్యా," అంది ఆయన్ని చూసి. గొంతులో ఫిర్యాదు లేదు, లెక్క తేలని పిల్ల మాట్లాడినట్టు మాట్లాడింది. "పేర్చడంలో తేడా వచ్చినా, క్రౌను మీరు చూసుకునే పెడతారు కదా. ఇరుసే బోర్లా పడుంటే తప్ప ఇలా రాదు. మీరు దాన్ని ఎందుకు బోర్లిస్తారు?"

"ఎందుకు బోర్లిస్తాను," అన్నాడు మేస్త్రీ.

ఆమె తల ఊపి, మళ్ళీ మొదటి మూత దగ్గర నుంచి మొదలుపెట్టింది. మేస్త్రీ వెనక్కి తిరిగి వచ్చేసి గోడకేసి కూర్చున్నాడు. షెడ్డులో అన్నది నోరు జారి అన్న మాట. ఇది మాత్రం తెలిసి, నిలబడి, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అన్న మాట.

శనివారం పొద్దున్న భార్య ఆయన్ని బోర్లా పడుకోబెట్టి నడుముకి మందు రాస్తోంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఆవిడకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

"ఆ పిల్ల రాత్రి అన్నం ముట్టలేదు," అంది భార్య. "నా బుర్రకి పని సరిపడదేమో అత్తయ్యా అంటోంది. పొద్దున్నే ఆరింటికి లేచి షెడ్డుకి పోయింది. ఏమైందండీ అసలు?"

"ఏముంది. ఏదో తారుమారైంది."

"ఎవరి చేతిలో?"

మేస్త్రీ చెయ్యి వెనక్కి పోయి నడుం తడుముకుంది. ఆవిడ రాయడం ఆపేసింది.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారట. మీరు నడుం తడుముకుంటున్నారేం?" అంది. ఆవిడకి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం మరి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు చేశారన్నమాట. అదీ ఎవరి మీద? మీ చొక్కా తొడుక్కుని మీ కింద పనంతా చేసే పిల్ల మీద! లేవండి. మందు సగమే రాశాను, మిగతాది మీరు వచ్చాక రాస్తాను. వెళ్ళి చెప్పి రండి ముందు."

"సిగ్గుగా ఉందే."

"ఉండాలిగా మరి!"

షెడ్డులో కోడలు అప్పటికే ఇరుసు దింపేసి దిమ్మల మీద పెట్టింది. ఒక్కతే ఎలా దింపిందో! మేస్త్రీ తలుపు పట్టుకుని నిలబడి చెప్పాడు. కప్పీ దింపడం దగ్గర నుంచి ఈల వేయడం దాకా అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో పాన అలాగే ఉంది.

"నడుం నొప్పి సంగతి నాకు ముందే చెప్తే ఏమయ్యేది మామయ్యా?" అంది చివరికి.

"ఏమీ అయ్యేది కాదు."

"రాత్రి అడిగాను మిమ్మల్ని. ఎందుకు బోర్లిస్తారు అని."

"అడిగావు. నా బుద్ధి గడ్డి తింది తల్లీ."

ఆమె పాన కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుంటే ముక్కు మీద నల్లటి చార పడింది. "నాకు చెప్తే ఏం లాభం? నేను తప్పు చేయలేదని నాకిప్పుడు తెలిసింది, నాకది చాలు. కానీ ఆ మాట ఎవరి ముందు అన్నారో ఆయన ముందు చెప్పండి. నేనైతే మీతో రాను. నేను వస్తే నేనే చెప్పించాననుకుంటారు."

మేస్త్రీ డిపోకి నడిచే వెళ్ళాడు. పొద్దున్న షిఫ్టు బస్సులు బయటికి పోతున్నాయి. ఫోర్‌మన్ బస్సుల కింద దిగి పనిచేసే గుంత పక్కన నిలబడి పది పన్నెండుమంది ఫిట్టర్లకి పనులు పంచుతున్నాడు. పాత గురువుని చూసి ఎదురొచ్చి, "రండి రండి" అని కుర్చీ తెప్పించాడు. మేస్త్రీ కూర్చోలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఫోర్‌మన్ మొత్తం విని నవ్వాడు.

"భలేవారే మేస్త్రీ గారూ! కోడలి కోసం ఎంత మాటకైనా దిగుతారా? మీరు ఇరుసు బోర్లించారంటే నన్ను నమ్మమంటారా? మీరు నాకు నేర్పిన మొదటి పాఠమే ఇరుసు ఎప్పుడూ కారులో ఉన్నట్టే పెట్టుకోవాలని. ఒరేయ్, వినండ్రా, మేస్త్రీ గారి చేతిలో తప్పొచ్చిందట!"

ఫిట్టర్లు కూడా నవ్వారు, అభిమానంగానే. "మీ మీద గౌరవం ఎక్కడికీ పోదు లెండి," అన్నాడు ఫోర్‌మన్. "కానీ సిఫారసు కోసం ఇంత అవసరమా? ఆ అమ్మాయికి వయసుంది."

ఇదెక్కడి గొడవరా భగవంతుడా అనుకున్నాడు మేస్త్రీ. అబద్ధం చెబితే వెంటనే నమ్మారు. నిజం చెబుతుంటే పెద్దమనసు అంటున్నారు. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు ఆ పిల్లకి అడ్డంగా వచ్చి కూర్చుంది.

ఆయన చుట్టూ చూశాడు. నేల మీద, గుంత అంచున, ఎవరిదో పాన పడి ఉంది.

"అదిగో, ఆ పాన చూశావా?" అన్నాడు. "నేను వంగి అది తీస్తే నువ్వన్నదే నిజం. తీయలేకపోతే నేను చెప్పింది నిజం."

"ఎందుకండీ ఇవన్నీ..."

మేస్త్రీ వంగడం మొదలుపెట్టాడు. కుడిచేయి చాచాడు. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇంకో బెత్తెడు కిందకి పోనిచ్చాడు. మొహం నల్లబడింది, చెమట ముక్కు కొసదాకా వచ్చి పాన పక్కన రాలింది. అక్కడి నుంచి కిందకీ పోలేడు, పైకీ రాలేడు. పన్నెండుమంది ఫిట్టర్ల ముందు ఆయన అలా సగానికి మడిచిన మనిషిలా ఆగిపోయాడు. నవ్వులు ఒక్కొక్కటిగా తగ్గాయి.

ఫోర్‌మన్ పరుగున వచ్చి రెండు చంకలకింద చేతులు వేసి మెల్లగా నిలబెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు, గొంతు తగ్గించి.

"వానలకి ముందు నుంచి. వంగే పనంతా ఆ అమ్మాయే చేస్తోంది. ఆమెని పంపించి ఇరుసు ఎత్తుకున్నాను. వంగలేక బోర్లించాను. నీలం మరక పంటి నడుమ పడింది ఆమె చేతిలో. నేను వేసిన మూత తప్పు." ఊపిరి తీసుకున్నాడు. "గట్టిగా చెప్పమంటే గట్టిగా చెప్తాను."

"వద్దండీ. అందరూ విన్నారు," అన్నాడు ఫోర్‌మన్. వంగి ఆ పాన తానే తీశాడు. "పదండి. ఆ అమ్మాయి మూత వేస్తుంటే నేను పక్కన కూర్చుంటాను. మీరు మాత్రం ఒక్క మాట సాయం చేయకూడదు."

ఒక్క మాట సాయం చేయకుండా ఉండటం మేస్త్రీకి నడుం నొప్పి కంటే ఎక్కువ కష్టమైంది. స్టూలు మీద కూర్చుని మధ్యాహ్నందాకా గుడ్డపీలిక నలుపుతూనే ఉన్నాడు. కోడలు ఆయనతో మాట్లాడలేదు, ఆయన వైపు చూడలేదు కూడా. కోపం ఉంది, ఉండదూ మరి! క్రౌను ఇటు మార్చి, మళ్ళీ నీలం పూసి, మళ్ళీ తిప్పింది. బుధవారం వేసిన షిమ్ముల లెక్కే వేస్తే మరక ఈసారి కాస్త అంచుకి జరిగింది. షిమ్ము ఒకటి తీసేయమని చెబుదామని మేస్త్రీ నోరు తెరిచి, ఫోర్‌మన్ చూపు చూసి మూసుకున్నాడు.

ఆమె షిమ్ము తీయలేదు. కంచు బిళ్ళని బయటికి తీసి, దాని వెనక వేలితో తడిమి, బోర్లించిన రోజు బిగింపులో లేచిన చిన్న గరుకుని ఆకురాయితో రెండుసార్లు రాసి, మళ్ళీ పెట్టింది. మరక నడిమికి వచ్చింది. షిమ్ము తీసేసుంటే వారం తిరక్కుండా కారు మళ్ళీ ఏడ్చేది. మేస్త్రీ మెల్లగా గుడ్డపీలిక కింద పెట్టాడు. ఈ పిల్ల చెయ్యి నా చేతిని దాటిపోయింది అనుకున్నాడు. ఆ అనుకోవడంలో బాధ పడదామని చూశాడు గానీ ఎంత వెతికినా దొరకలేదు.

మూత ఆమే వేసింది. నాలుగింటికి కారు షెడ్డులోంచి మొదటి గేరులో ముందుకి కదిలి, మలుపు తిరిగి, చప్పుడు లేకుండా మళ్ళీ వచ్చింది. స్టీరింగు దగ్గర డాక్టరు గారు, పక్కన కోడలు. ఈసారి ఫోర్‌మన్ మాత్రం ఎందుకైనా మంచిదని గోడ పక్కన నిలబడ్డాడు.

"సోమవారం ఎనిమిదింటికి డ్యూటీ," అన్నాడు కోడలితో. "ఐదు నిమిషాల ముందే ఉండాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రా."

ఆమె మొహం ఎలా వెలిగిందో చూసి మేస్త్రీ తల పక్కకి తిప్పుకున్నాడు. తనకంత హక్కు లేదనిపించింది.

ఆదివారం డాక్టరు గారి అక్కగారు పక్కన కూర్చోవడానికి ఒప్పుకోలేదట. తమ్ముణ్ణి పక్కకి జరగమని తానే స్టీరింగు పట్టి వంతెన దాకా నడిపిందట.

సోమవారం ఏడింటికే షెడ్డు ముందు ఇంకో బండి ఆగి ఉంది, ఒక పాత వ్యాను. దాని యజమాని, కోటు వేసుకున్న పెద్దమనిషి, మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. అత్తగారు దగ్గరుండి నాడాలు కట్టిన కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ కోడలు గేటు ముందు నుంచి వెళ్తోంది. శనివారం నుంచి మావగారితో అవసరమైన మాటే గానీ అదనపు మాట లేదు.

మేస్త్రీ వ్యాను కింద కారుతున్న నూనె చూశాడు. పెద్దమనిషిని చూశాడు. ఏదో ఒకటి చెప్పి సాయంత్రం రమ్మనడం ఆయనకి చేతకాని పనేం కాదు.

"అమ్మాయ్!" అని పిలిచాడు.

ఆమె ఆగింది.

"నాకు నడుం వంగదు. నూనె ఎక్కడి నుంచి కారుతోందో నువ్వొక్కసారి కిందకెళ్ళి చూసి చెప్పాలి," అన్నాడు, ఆ పెద్దమనిషి వినేలా, వీధి వినేలా. "టైముందా?"

కోడలు ఆయన వైపు చూసింది. గడియారం చూసుకుంది. సంచీ ఆయన చేతికిచ్చి, గోనెపట్టా లాక్కుని, కొత్త బూట్లతో సహా వ్యాను కిందకి దూరింది.

"పినియన్ దగ్గర సీలు పోయింది మామయ్యా. ఇరుసు దింపాలి," అంది లోపలినుంచి. తర్వాత కాస్త ఆగి, "మీరు ముట్టుకోకండి. నేను వచ్చాక దింపుదాం."

"సరే," అన్నాడు మేస్త్రీ.

ఆమె బయటికి వచ్చి దుమ్ము దులుపుకుని, సంచీ అందుకుని, దాదాపు పరుగులాంటి నడకతో వీధి మలుపు తిరిగింది. పెద్దమనిషి అటే చూస్తూ, "మీ దగ్గర పని చేసే అమ్మాయా?" అని అడిగాడు.

"మా కోడలండీ. డిపోలో ఫిట్టరు," అన్నాడు మేస్త్రీ. "నాలుగున్నరకి వస్తుంది. మీ బండి అప్పటిదాకా ఆగాలి."